పాట స్ట్రీమింగ్‌లో వినాలా, ఫైల్ దాచుకుని వినాలా? సౌండ్ క్వాలిటీ మీద తరచుగా అడిగే ప్రశ్నలు

ఏ పాటైనా ఫోన్‌లో క్షణంలో దొరుకుతున్నప్పుడు ఇంకా హార్డ్ డిస్క్ నిండా ఫైల్స్ ఎందుకు, అసలు రెండిట్లో ఏది బాగా వినిపిస్తుంది అని పాటలంటే ప్రాణం పెట్టేవాళ్ళు అడుగుతూనే ఉంటారు. ఎక్కువగా వచ్చే ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను. కొన్నిటికి రెండు లైన్లు చాలు, కొన్నిటికి కాస్త కూర్చుని చదవాలి, ముఖ్యంగా పాత పాటల గురించి ఉన్నది వదిలేయొద్దు.

సింపుల్‌గా చెప్పండి, ఏది బెటర్?

స్ట్రీమింగ్ కాబట్టి తక్కువ, మన దగ్గరున్న ఫైల్ కాబట్టి ఎక్కువ అనేది ఏమీ లేదండి. రెండూ ఫైల్సే, ఒకటి వాళ్ళ సర్వర్‌లో ఉంది, ఇంకోటి మీ మెమరీ కార్డ్‌లో ఉంది. ఒకే మాస్టర్ (కాపీలన్నిటికీ మూలమైన తుది రికార్డింగ్) నుంచి తీసిన లాస్‌లెస్ (డేటా ఏమీ పోని) పాటని యాప్‌లో విన్నా ఫోన్‌లో పెట్టుకుని విన్నా, వాల్యూమ్ సెట్టింగ్స్ ఒకేలా ఉంటే ఒక్క బిట్ తేడా ఉండదు. కానీ మనం మామూలుగా పోల్చేది అలాంటి జంటని కాదు కదా, ఎప్పుడో దింపిన 128 ఎంపీ3ని ఇవాళ్టి ప్రీమియం యాప్‌తో పోలుస్తాం, లేదంటే మంచి సీడీ రిప్‌ని (సీడీ నుంచి కాపీ చేసిన ఫైల్‌ని) ఫ్రీ యాప్‌తో పోలుస్తాం, తర్వాత స్ట్రీమింగ్ వేస్ట్ అనో ఫైల్స్ వేస్ట్ అనో తేల్చేస్తాం. నేను చూసే వరస ఇదీ: ముందు ఆ పాట ఏ మాస్టర్ నుంచి వచ్చింది, తర్వాత దాన్ని ఎంత కుదించారు, ఆ తర్వాత మీ చెవి దాకా ఏ దారిలో వస్తోంది. స్ట్రీమింగా లోకలా అన్నది ఈ మూడూ తేలాకే.

128, 320 అంటారు కదా, ఆ నంబర్లేంటి, ఎంత ఉంటే చాలు?

సీడీలో సెకనుకి 44,100 శాంపిల్స్, ఒక్కోటి 16 బిట్లు, ఎడమ కుడి రెండు ఛానెల్స్. గుణిస్తే సెకనుకి 1,411 కిలోబిట్లు. అంటే అయిదు నిమిషాల పాటకి దగ్గరదగ్గర 53 ఎంబీ. ఫ్లాక్, ఆపిల్ వాళ్ళ అలాక్ అనే లాస్‌లెస్ ఫార్మాట్లు ఇందులో ఏమీ పారేయకుండా సైజు తగ్గిస్తాయి, పాటని బట్టి 30-35 ఎంబీకి రావచ్చు, ప్లే చేసేటప్పుడు పొల్లు పోకుండా సీడీలో ఉన్న డేటానే బయటికొస్తుంది. ఎంపీ3, ఏఏసీ, ఆగ్ వోర్బిస్, ఆపస్ అలా కాదు, పెద్ద శబ్దం పక్కనున్న చిన్న శబ్దం మన చెవి ఎలాగూ పట్టుకోదు అనే లెక్కతో కొంత తీసేస్తాయి. 128, 320 అంటే సెకనుకి అన్ని కిలోబిట్లు (కేబీపీఎస్) అని, దీన్నే బిట్‌రేట్ అంటారు. అదే పాట 320లో 12 ఎంబీ, 128లో 5 ఎంబీ కూడా ఉండదు.

128 ఎంపీ3లో ఏం పోయిందో తెలియాలంటే గొంతు మీద కాకుండా తాళాల మీద చెవి పెట్టండి. భజన పాటలో కంచు తాళం మోగాక ఆ మోత సన్నగా సాగి సాగి ఆగాలి, 128లో ఆ చివరంతా వణుకుతూ ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది. ఘటం మీద వేలి దెబ్బ, డప్పు మీద సన్నపుల్ల దెబ్బ లాంటివైతే దెబ్బ పడే ముందే చిన్న మసక శబ్దం తగులుతుంది. దీన్ని ప్రీ-ఎకో అంటారు. కోడెక్ (కుదించే ప్రోగ్రామ్) పాటని చిన్న చిన్న ముక్కలుగా తీసుకుని లెక్కేస్తుంది కాబట్టి, దెబ్బ వల్ల వచ్చిన తేడా ఆ ముక్కలో దెబ్బకి ముందున్న నిశ్శబ్దంలోకి కూడా పరుచుకుంటుంది. 192 దాటితే ఇవి బాగా తగ్గిపోతాయి, 256 ఏఏసీ, 320 దగ్గరకొచ్చేసరికి మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నా ఎక్కువ పాటల్లో నాకు తేడా దొరకదు. రోజూ వినడానికి అది చాలు. దాచుకోడానికి మాత్రం ఫ్లాకే, ఎందుకంటే దాన్నుంచి రేపు ఏ ఫార్మాట్ కావాలన్నా తీసుకోవచ్చు.

ఏ యాప్ ఎంత ఇస్తుంది?

స్పాటిఫై ఫోన్ యాప్‌లో ఫ్రీ వాళ్ళకి 160 దాకా, ప్రీమియంలో 320 దాకా. 2025 సెప్టెంబర్ నుంచి దేశాల వారీగా లాస్‌లెస్ కూడా ఇవ్వడం మొదలుపెట్టారు, 24 బిట్ 44.1 కిలోహెర్ట్జ్ దాకా, అది మీ ప్లాన్‌లో ఉందో లేదో సెట్టింగ్స్‌లో చూస్కోండి. ఆపిల్ మ్యూజిక్ మామూలుగా 256 ఏఏసీ, 2021 జూన్ నుంచి అదనంగా డబ్బులు అడగకుండానే లాస్‌లెస్ ఇస్తోంది, 24 బిట్ 192 దాకా. కాకపోతే ఐఫోన్‌లో ఆడియో క్వాలిటీలోకి వెళ్ళి మీరే ఆన్ చేయాలి, చేయకపోతే 256 దగ్గరే ఉంటారు. యూట్యూబ్ మ్యూజిక్ ప్రీమియంలో 256 దాకా. మామూలు యూట్యూబ్ వీడియోలో పాట 128 ఏఏసీ లేదా 160 లోపు ఆపస్, వీడియో 4కే పెట్టినంత మాత్రాన పాట పెరగదు.

వీటిలో చాలావాటిలో ‘ఆటోమేటిక్’ అనే ఆప్షన్ ఉంటుంది, నెట్ తగ్గగానే అడగకుండా క్వాలిటీ దించేస్తుంది. స్పాటిఫైలో ‘లో’ అంటే 24 కేబీపీఎస్ మాత్రమే. యాప్ పెట్టుకున్న వెంటనే ఈ ఆటోమేటిక్ తీసేసి, వైఫైకి ఒకటి మొబైల్ డేటాకి ఒకటి మీరే సెట్ చేస్కోండి. లెక్క కోసం చెప్తున్నా, 320లో గంట వింటే 144 ఎంబీ అవుతుంది.

ప్రీమియం కట్టినా నా ఫైల్ కంటే డల్‌గా వినిపిస్తోంది, ఎందుకు?

పదిలో ఎనిమిది కేసుల్లో ఇది వాల్యూమ్ నార్మలైజేషన్ అనే నా నమ్మకం. ఒక పాట గట్టిగా ఒక పాట మెల్లగా రాకుండా యాప్ అన్నిటినీ ఒక లెవెల్‌కి తెస్తుంది, స్పాటిఫై మామూలుగా మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (పాట ఎంత గట్టిగా ఉందో కొలిచే లెక్క) దగ్గర పెడుతుంది. ఈమధ్య మాస్ పాటలు మైనస్ 8 లాంటి లెవెల్లో మాస్టర్ చేస్తున్నారు కాబట్టి వాటిని 6 డెసిబెల్స్ తగ్గించి వినిపిస్తుంది. మీ ప్లేయర్‌లో అదే ఫైల్ తగ్గించకుండా ఉన్నదున్నట్టు మోగుతుంది. రెండు శబ్దాల్లో కాస్త గట్టిగా ఉన్నది మనకి ఎప్పుడూ బాగున్నట్టే, బేస్ ఎక్కువున్నట్టే, స్పష్టంగా ఉన్నట్టే అనిపిస్తుంది. చెవి తీరే అంత. యాప్ వాల్యూమ్ కాస్త పెంచి మళ్ళీ వినండి, ఆ డల్ చాలావరకు పోతుంది.

నార్మలైజేషన్‌ని ఉత్తగా తగ్గించడానికి వాడితే సౌండ్ పాడవదు, లెవెల్ మాత్రమే మారుతుంది. స్పాటిఫైలో ‘లౌడ్’ పెడితే మాత్రం లిమిటర్ (పెద్ద శబ్దాల్ని నొక్కేది) పనిచేసి దెబ్బల అంచులు నలిగిపోతాయి, ‘నార్మల్’ పెట్టుకోండి లేదా పూర్తిగా ఆఫ్ చేయండి. ఈక్వలైజర్ ఆన్‌లో ఉందేమో కూడా చూడండి, కొన్ని ఫోన్లలో సౌండ్ ఎఫెక్ట్స్ మనం పెట్టకుండానే వచ్చేసి ఉంటాయి.

నా ఫైల్ మీద 320 అనే ఉంది, నమ్మొచ్చా?

మీరు సీడీ నుంచి తీసుకున్నదో, డబ్బులు పెట్టి కొన్నదో అయితే నమ్మొచ్చు. ఫ్రీ డౌన్‌లోడ్ సైట్ల రోజుల్లో దింపుకున్నదైతే అస్సలు నమ్మొద్దు. ఒకప్పుడు తెలుగు పాటలు అక్కడ 128లోనే తిరిగాయి, 320కి గిరాకీ పెరిగాక అవే ఫైల్స్‌ని సాఫ్ట్‌వేర్‌లో 320గా మార్చి పెట్టినవి బోలెడు. ఫ్లాక్ అని పెట్టినవాటిలో కూడా ఇదే కథ. జిరాక్స్ కాపీని ఖరీదైన పేపర్ మీద ఇంకోసారి జిరాక్స్ తీసినట్టు, సైజు పెరుగుతుంది కానీ పోయింది వెనక్కి రాదు.

కనిపెట్టడం తేలికే. స్పెక్ అని ఒక ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, పాటని అందులోకి లాగి వదిలితే రంగుల బొమ్మ వస్తుంది, కింద బేస్, పైకి పోయేకొద్దీ సన్నటి శబ్దాలు. అసలు సీడీ నుంచి వచ్చిన కొత్త పాటైతే రంగు 20 దాటి 22 కిలోహెర్ట్జ్ దగ్గరిదాకా ఉంటుంది, నిజమైన 320 ఎంపీ3లో 20 దగ్గర ఆగుతుంది, 128లో 16 దగ్గరే గోడ కట్టినట్టు తెగిపోతుంది. ఫైల్ పేరు 320 అని ఉండి బొమ్మ 16 దగ్గర తెగితే అది ఎప్పుడో 128 అయి వచ్చిందే. ఒక జాగ్రత్త ఏంటంటే ఘంటసాల గారి కాలం రికార్డింగుల్లో అంత పైన అసలు శబ్దమే ఉండదు, వాటిలో రంగు నెమ్మదిగా పల్చబడి పోతుంది, అది సహజం. గీత గీసి కోసినట్టు తెగిపోతేనే అనుమానించాలి.

యూట్యూబ్ నుంచి 320లోకి కన్వర్ట్ చేసుకుంటే?

మూలం 128 ఏఏసీ లేదా 160 ఆపస్. దాన్ని ఎంపీ3కి మారిస్తే రెండోసారి కూడా కోత పడుతుంది, మూలం కంటే కొంచెం తక్కువే వస్తుంది. పైగా పాట చేసినవాళ్ళకి పైసా వెళ్ళదు. వద్దు.

అదే పాట మా నాన్నగారి పాత సీడీలో ఒకలా, యాప్‌లో ఇంకోలా ఉంది. రెండూ లాస్‌లెస్సే కదా?

అసలు మాట్లాడుకోవాల్సింది దీని గురించే, ఎందుకో అందరూ బిట్‌రేట్ దగ్గరే ఆగిపోతారు. లాస్‌లెస్ అంటే వాళ్ళకి ఇచ్చిన మాస్టర్‌ని చెడగొట్టకుండా మీకు చేర్చారని మాత్రమే, ఆ మాస్టర్ బాగుందని కాదు.

పాత తెలుగు పాటలు ఎన్ని చేతులు మారి మన దాకా వచ్చాయో చూడండి. ఘంటసాల గారు 1974లో పోయారు, ఆయన పాటలు దాదాపు అన్నీ మోనో. మొదట్లో 78 ఆర్‌పీఎం రికార్డుల మీద వచ్చాయి, ఒక్కో వైపు మూడు నిమిషాల పైచిలుకే పట్టేది కాబట్టి సినిమాలో ఉన్న చరణాన్ని రికార్డులో తీసేసిన సందర్భాలున్నాయి. ఆ తర్వాత ఎల్పీలు, క్యాసెట్లు, సీడీలు, ఇప్పుడు స్ట్రీమింగ్. యాప్‌లో ఉన్నది అసలు టేపు నుంచి తీసిందా, రికార్డు తిప్పి తీసిందా, సినిమా సౌండ్‌ట్రాక్ నుంచి తీసిందా అనేది పేజీలో ఎక్కడా రాసి ఉండదు. అందుకే ఒకే పాట ఒక కలెక్షన్‌లో నిమిషం పొడుగు, ఇంకో కలెక్షన్‌లో నిమిషం పొట్టి, ఒకచోట స్పష్టం, ఇంకోచోట గోడ అవతల నుంచి వస్తున్నట్టు. ఒకే యాప్‌లో కూడా ఒక్క పాటకి నాలుగైదు వెర్షన్లు ఉంటాయి, మొదట కనిపించిందానితో ఆగకుండా అన్నీ విని చూడండి, నేను చెప్పే సలహాల్లో రూపాయి ఖర్చు లేకుండా ఎక్కువ లాభం ఇచ్చేది ఇదే.

ఇంకో నష్టం శుభ్రం చేయడంలో జరుగుతుంది. టేపు మీద సుయ్‌మనే శబ్దాన్ని తీయాలని నాయిస్ రిడక్షన్ గట్టిగా వాడితే దానితో పాటు వయొలిన్ కమాను రాపిడి, గాయని ఊపిరి తీసుకునే చప్పుడు, ఆ గది గాలి అన్నీ పోతాయి. పాట నున్నగా అయిపోతుంది, మనిషి పాడుతున్నట్టుండదు. మోనోని బలవంతంగా స్టీరియో చేసినవైతే హెడ్‌ఫోన్స్‌లో గొంతు ఎక్కడుందో తెలీక తల తిరుగుతుంది. కాస్త సుయ్‌మన్నా సరే, నాకు ముట్టుకోని మోనోనే కావాలి.

1990ల చివర నుంచి గట్టిగా వినిపించాలనే పోటీ ఎక్కువైంది. మొదట్లో వచ్చిన సీడీల్లో లెవెల్ తక్కువ, కానీ తబలా దెబ్బ దెబ్బలాగే లేచేది. తర్వాత వచ్చిన రీమాస్టర్లలో చిన్న శబ్దాల్ని పెంచి పెద్ద శబ్దాల్ని నొక్కి అంతా ఒకే ఎత్తుకి తెచ్చారు, పల్లవిలో గొంతు, ఇంటర్‌లూడ్‌లో ఆర్కెస్ట్రా మొత్తం ఒకే బరువు. కాబట్టి ఇంట్లో ఒరిజినల్ సీడీలు ఉంటే, ముఖ్యంగా 80లు, 90ల పాటలవి, ఎవరికీ ఇచ్చేయకండి. యాప్‌లో దొరుకుతున్నాయి కదా అని పారేస్తే ఆ మాస్టర్ మళ్ళీ దొరుకుతుందని గ్యారంటీ లేదు.

సీడీలని కంప్యూటర్‌లోకి ఎలా ఎక్కించాలి?

విండోస్‌లో ఎగ్జాక్ట్ ఆడియో కాపీ వాడండి, ఫ్రీ. సందేహం ఉన్న చోట మళ్ళీ మళ్ళీ చదువుతుంది, అదే సీడీని వేరేవాళ్ళు రిప్ చేసినప్పుడు వచ్చిన లెక్కతో యాక్యురేట్‌రిప్ ద్వారా సరిపోల్చి చెప్తుంది. తెలుగు సీడీలు ఆ డేటాబేస్‌లో లేకపోతే కంగారు పడొద్దు, టెస్ట్ అండ్ కాపీ పెడితే రెండుసార్లు చదివి రెండూ ఒకటేనా అని చూపిస్తుంది. ఫ్లాక్‌లో సేవ్ చేయండి. కచేరీ సీడీలకి ఫ్లాక్ ఇంకో రకంగా కూడా మేలు, రాగం తానం పల్లవి మూడు ట్రాకులుగా కోసి ఉన్నా మధ్యలో ఖాళీ రాదు. పాత ఎంపీ3లని కొన్ని ప్లేయర్లలో పెడితే ట్రాక్ మారే చోట చిన్న గండి పడుతుంది, తంబూరా శ్రుతి తెగినట్టయ్యి చాలా చికాకు.

బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌లో లాస్‌లెస్ పెడితే తేడా తెలుస్తుందా?

చాలావరకు తెలియదు, ఎందుకంటే చెవి దాకా లాస్‌లెస్ రాదు. ఫోన్ ఆ పాటని బ్లూటూత్ కోసం మళ్ళీ కుదిస్తుంది. ఆ కుదించే పద్ధతి ఎస్‌బీసీ అయితే 328 దాకా, ఎల్‌డ్యాక్ అయితే 990 దాకా, అదీ సిగ్నల్ బాగుంటేనే, రద్దీగా ఉన్న చోట 330కి పడిపోతుంది. ఐఫోన్‌లో ఎల్‌డ్యాక్ లేదు, ఏఏసీ, ఎస్‌బీసీ మాత్రమే. ఇయర్‌బడ్స్‌తో వినేవాళ్ళు 256 లేదా 320 పెట్టుకుని డేటా మిగుల్చుకోండి.

నిజంగా తేడా కావాలంటే టైప్-సీకి పెట్టే చిన్న డ్యాక్ (డిజిటల్ డేటాని ఇయర్‌ఫోన్స్‌కి పనికొచ్చే సిగ్నల్‌గా మార్చేది) డాంగిల్, వైర్ ఉన్న మంచి ఇయర్‌ఫోన్స్ కొనండి. లోకల్ ఫైల్స్‌కి ఇక్కడ ఒక నిజమైన పైచేయి ఉంది. ఆండ్రాయిడ్ తన మిక్సర్‌లో పాటని సాధారణంగా 48 కిలోహెర్ట్జ్‌కి మార్చేస్తుంది, యూఎస్‌బీ ఆడియో ప్లేయర్ ప్రో లాంటి యాప్ ఆ మిక్సర్‌ని దాటి ఫైల్‌ని ఉన్నదున్నట్టు డ్యాక్‌కి పంపిస్తుంది. చెవికి పెద్ద తేడా అని చెప్పను, కానీ మధ్యలో ఎవరూ చేయి పెట్టలేదని నిశ్చింత.

24 బిట్ 192 కిలోహెర్ట్జ్ హై-రెస్ అవసరమా?

వినడానికి అక్కర్లేదు. 44.1తో 22 కిలోహెర్ట్జ్ దాకా పట్టొచ్చు, మనిషి చెవికి కుర్రతనంలోనే 20 హద్దు, వయసుతో అదీ తగ్గుతుంది. 16 బిట్ అంటే 96 డెసిబెల్స్ అంతరం, ఫ్యాన్ తిరుగుతున్న మన ఇళ్ళలో అదే ఎక్కువ. స్టూడియోలో ఎడిటింగ్‌కి 24 బిట్ కావాలి, అది వేరే పని. ఎప్పుడైనా హై-రెస్ వెర్షన్ బాగా అనిపించిందంటే దానికి వేరే మాస్టర్ వాడారేమో చూడండి.

నెట్ స్లోగా ఉంటే సౌండ్ పాడవుతుందా?

డేటా వస్తే పూర్తిగా వస్తుంది, రాకపోతే పాట ఆగుతుంది, మధ్యలో బొంగురుపోవడం అనేది లేదు. ఆటోమేటిక్ క్వాలిటీ ఆన్‌లో ఉంటే తక్కువ బిట్‌రేట్‌కి దిగుతుంది, దాన్నే జనం నెట్ వల్ల సౌండ్ పాడైంది అనుకుంటారు. ఖరీదైన లాన్ కేబుల్ కొంటే పాట మెరుగవుతుందని ఎవరైనా చెప్తే కొనకండి.

యాప్‌లో ఆఫ్‌లైన్ డౌన్‌లోడ్ చేశా, అది లోకల్ ఫైలే కదా?

సౌండ్ పరంగా అవును, డౌన్‌లోడ్ క్వాలిటీ సెట్టింగ్ విడిగా ఉంటుంది కాబట్టి దాన్ని కూడా పెంచుకుంటే. హక్కు పరంగా కాదు. అది తాళం వేసిన ఫైల్, ఆ యాప్‌లోనే మోగుతుంది, సబ్‌స్క్రిప్షన్ ఆపితే పోతుంది, స్పాటిఫై అయితే 30 రోజులకి ఒకసారైనా నెట్‌కి కలపాలి. లేబుల్‌కి యాప్‌కి ఒప్పందం చెడితే డబ్బు కట్టేవాళ్ళకి కూడా పాటలు మాయమవుతాయి, 2023 మార్చిలో జీ మ్యూజిక్ పాటలు స్పాటిఫై నుంచి అలాగే వెళ్ళిపోయాయి. విదేశాల్లో ఉన్న మనవాళ్ళకి ఇంకో తిప్పలు, హక్కులు దేశాన్ని బట్టి ఉంటాయి కాబట్టి ఇండియాలో లిస్ట్‌లో పెట్టుకున్న పాట అక్కడికెళ్ళాక బూడిదరంగులో కనిపించొచ్చు.

కార్‌లో పెన్‌డ్రైవా, బ్లూటూతా?

పెన్‌డ్రైవ్, లేదా ఫోన్‌ని వైర్‌తో కలపడం. బ్లూటూత్‌లో పైన చెప్పిన కుదింపు ఉంటుంది, యూఎస్‌బీలో అది ఉండదు. శ్రీశైలం వెళ్ళేటప్పుడు నల్లమలలో సిగ్నల్ లేని చోట్ల కూడా పాట ఆగదు. చాలా కార్ స్టీరియోలు ఫ్లాక్ చదువుతాయి, పాత మోడల్స్ కొన్ని ఎంపీ3 మాత్రమే, వాటికి మీ ఫ్లాక్స్ నుంచి 320 తీసి వేసుకోండి. టైర్ల చప్పుడు మధ్య ఆ రెండిటికీ తేడా ఎవరికీ దొరకదు.

నా చెవికి తేడా తెలుస్తుందో లేదో నేనే ఎలా చూసుకోవాలి?

ఎవరి మాటా నమ్మకుండా ఇలా చేయండి. బాగా తెలిసిన పాట ఫ్లాక్ ఒకటి తీసుకుని దాన్నుంచి మీరే 128, 192, 320 తయారు చేయండి, అప్పుడే మాస్టర్ ఒకటే ఉంటుంది. ఫూబార్2000 అనే కంప్యూటర్ ప్లేయర్‌లో ఏబీఎక్స్ కంపారేటర్ అనే కాంపొనెంట్ వేసి, రీప్లేగెయిన్‌తో లెవెల్స్ సమానం చేసి, అది వినిపించే ఎక్స్ అనే పాట ఫ్లాక్, ఎంపీ3 రెండిట్లో ఏదో చెప్పాలి, ఏది ఏదో స్క్రీన్ మీద కనపడదు. 16 సార్లలో కనీసం 12 సరిగ్గా చెప్తే మీకు నిజంగా వినిపిస్తున్నట్టే, ఊహించి అలా కొట్టే అవకాశం 4 శాతం లోపే. పాట మొత్తం వినొద్దు, తాళాలు, చప్పట్లు, ఘటం ఉన్న అయిదారు సెకన్ల ముక్క ఎంచుకుని దాన్నే తిప్పి తిప్పి వినండి. 128 దగ్గర మొదలుపెట్టి పైకి వెళ్ళండి, మీకు తెలియడం ఆగిన చోటే మీ సెట్టింగ్. అక్కడి నుంచి మిగిలిన డబ్బు ఇయర్‌ఫోన్స్ మీద పెట్టండి.

అయితే నా దగ్గరున్న పాత ఎంపీ3లన్నీ డిలీట్ చేసేయనా?

వద్దు. ముందు యాప్‌లో మంచి వెర్షన్ ఉన్నవి వేరు చేయండి. సినిమా పాటల్లో చాలావరకు అలాగే దొరుకుతాయి, వాటి 128 ఫైల్స్ పోయినా పర్వాలేదు. ఎక్కడా దొరకనివి, అంటే రేడియో నుంచి రికార్డు చేసుకున్న లలిత గీతాలు, ఊళ్ళో ఆడిన హరికథ, బుర్రకథ క్యాసెట్లు, ఎవరో పెద్దావిడ పాడిన మంగళహారతులు, ఇవి 96 కేబీపీఎస్ ఉన్నా బంగారమే. వీటిని ఇంకో ఫార్మాట్‌కి మార్చకుండా ఉన్నవి ఉన్నట్టే ఉంచండి, మార్చిన ప్రతిసారీ ఇంకాస్త పోతుంది. క్యాసెట్ ఇంకా ఉంటే, టేపు సాగిపోకముందే మంచి డెక్‌తో 24 బిట్ 48లో మళ్ళీ ఎక్కించి ఫ్లాక్‌గా దాచండి. రెండు వేరు వేరు డిస్కుల్లో కాపీ పెట్టి, ఒకటి వేరే ఇంట్లో ఉంచండి, ఫైల్ పేరులో ఎవరు పాడారో, ఏ ఊరో, ఏ సంవత్సరమో రాయండి.